పనితనం కూడా హక్కుల సమస్యే

హక్కుల పత్రికలో సాఫ్ట్‌వేరు గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. అది బాగా చదువుకున్న వాళ్ళ వ్యవహారమనీ, మంచి జీతాలు వచ్చే వాళ్ళ గొడవ అనీ, మన సంఘాల సభ్యులకీ దానికీ సంబంధం లేదనీ చాలాకాలం అనుకున్నాం. ఆ మాట ఇప్పుడు చెల్లదు. రేషను షాపులో వేలిముద్ర పడలేదని ఉత్త సంచితో వెనక్కి వచ్చే ముసలమ్మకీ, ఎండలో మట్టి మోసినా హాజరు ఎక్కక కూలి పోగొట్టుకునే మనిషికీ, ఇంటి పనంతా అయ్యాక సెల్‌ఫోను ముందు పెట్టుకుని పిల్లల బరువులు ఎక్కించే అంగన్‌వాడీ టీచరుకీ సాఫ్ట్‌వేరుతోనే పని. దాన్ని ఎవరో ఒకచోట కూర్చుని రాశారు. ఎంత వ్యవధిలో రాశారు? ఎవరు పరీక్షించారు? ఎవరు తొందరపెట్టారు? ఈ ప్రశ్నలు ఈ ఆడవాళ్ళ బతుకులకి నేరుగా తగులుతున్నాయి.

నేను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో మేనేజరుగా పనిచేస్తున్నాను. ప్రోగ్రాములు రాసేవాళ్ళ చేత పని చేయించడం, గడువులు ఒప్పుకోవడం, ఏడాది చివర వాళ్ళ పనికి మార్కులు వేయడం నా ఉద్యోగం. అంటే బల్లకి యాజమాన్యం వైపు కూర్చునే మనిషిని. అటువైపు కూర్చుంటే కొన్ని సంగతులు స్పష్టంగా కనబడతాయి. వాటినే ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

లోపలి కుట్టు

సాఫ్ట్‌వేరు రంగంలో 'పనితనం' అనే మాట ఒక ఉద్యమంగానే వచ్చింది. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సమావేశమై 'ఎజైల్‌' అనే ప్రకటన చేశారు. గుట్టల కొద్దీ కాగితాలూ ప్రణాళికలూ కాదు, పనిచేసే ప్రోగ్రాము ముఖ్యమన్నది దాని సారాంశం. 2009లో మరికొందరు ఇంకో అడుగు ముందుకు వేసి 'సాఫ్ట్‌వేర్‌ క్రాఫ్ట్స్‌మన్‌షిప్‌' పేరుతో మరో ప్రకటన తెచ్చారు. ప్రోగ్రాము పనిచేస్తే చాలదు, చక్కగా కట్టినదై ఉండాలి అన్నారు. మొదటి ప్రకటన చేసిన ఆ 17 మందీ మగవాళ్ళే. రెండో ఉద్యమం పేరులోనే 'మన్‌' ఉంది. ఈ రెండు విషయాల దగ్గరకి మళ్ళీ వస్తాను.

పనితనమంటే ఏమిటో మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కరలేదు. జాకెట్టు కుట్టించుకున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. పైకి చూస్తే రెండు జాకెట్లూ ఒకేలా ఉంటాయి. తిరగేసి చూస్తే తేడా తెలుస్తుంది. మంచి టైలరు లోపల గుడ్డ వదిలి కుడుతుంది. రేపు ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. హడావుడిగా కుట్టినదాంట్లో ఆ వీలు ఉండదు, రెండు ఉతుకులకే చంకల్లో పిగులుతుంది. డబ్బు ఇచ్చేవాళ్ళు చూసేది పై కుట్టు. తొడుక్కునే మనిషికి తెలిసేది లోపలి కుట్టు.

సాఫ్ట్‌వేరు కూడా అంతే. కొనేవాళ్ళకి కనబడేది తెర మీది బొమ్మ. లోపల వేల వరసల రాత ఉంటుంది. ఆ రాత ఇంకొకరు చదివి అర్థం చేసుకునేట్టు ఉండాలి. ఒకచోట మారిస్తే ఇంకోచోట కూలిపోకూడదు. ప్రతి చిన్న భాగం సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే పరీక్షలు పక్కనే రాసిపెట్టాలి. ఒకరు రాసింది మరొకరు చదివి ప్రశ్నించాకే అది ముందుకు పోవాలి.

ఈ చివరిది మన పాఠకులకి బాగా తెలిసినదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టరు రోలు తెచ్చి ఊరి మధ్య గట్టిగా చదివేవారు. పేరు ఎవరిది, పనికి వచ్చిందెవరు, డబ్బు తీసుకుందెవరు అని జనమే అడిగేవారు. రాసినవాడే తన లెక్క తాను సరిచూసుకుంటే చాలదన్నది ఆ పద్ధతికి ప్రాణం. మా రంగంలో ఒకరి రాతను మరొకరు పరిశీలించడమనేది సరిగ్గా ఇదే సూత్రం. గడువు దగ్గరపడితే ముందు కోతపడేది కూడా దీనికే.

పేరు ఎవరికి, చాకిరీ ఎవరికి

పనితనాన్ని పొగిడేవాళ్ళు తరచుగా పాతకాలపు చేతివృత్తుల వైపు చూపిస్తారు. గురువు దగ్గర శిష్యుడు ఏళ్ళ తరబడి నేర్చుకుని తనూ గురువు అవుతాడు, ఆ పద్ధతే మళ్ళీ రావాలి అంటారు. మన దేశంలో ఈ మాట అనేముందు కాస్త ఆగి ఆలోచించాలి. మన దగ్గర చేతివృత్తి అంటే కులం. అందులోనూ ఆడవాళ్ళ పనికి పేరు లేదు. చేనేత ఇంట్లో మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. కండెలు చుట్టిన మనిషి, ఆసు పోసిన మనిషి, నూలుకి గంజి పెట్టిన మనిషి 'ఇంట్లో ఆడవాళ్ళు సాయం చేస్తారు' అనే మాటలో కలిసిపోతుంది. పోచంపల్లి తరహా చీరకి ఆసు పోయాలంటే వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. భుజాలు పడిపోతాయి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే బాధ చూసి ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ పని చేసే ఆడమనిషి పక్కన కూర్చుని ఆమె చేతుల్ని గమనించాడు కాబట్టే అది పనికొచ్చే యంత్రమైంది. పనిముట్టు తయారుచేసే ప్రతివాళ్ళూ నేర్చుకోవలసిన పాఠం ఇది.

కంప్యూటరు చరిత్రలోనూ ఇదే కథ. ఆ యంత్రాలు రాకముందు అమెరికాలో 'కంప్యూటర్‌' అంటే లెక్కలు వేసే ఉద్యోగి. ఆ ఉద్యోగుల్లో చాలామంది ఆడవాళ్ళు. 1945లో ఎనియాక్‌ అనే భారీ యంత్రానికి ప్రోగ్రాములు తయారు చేయడానికి ఆరుగురు స్త్రీలను ఎంపిక చేశారు. వాళ్ళకి పుస్తకం లేదు, చెప్పే గురువు లేడు. యంత్రం పటాలు చూసి తామే నేర్చుకున్నారు. 1946 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి ప్రదర్శించినప్పుడు పేరంతా యంత్రం కట్టిన మగవాళ్ళకి వెళ్ళింది. ఈ ఆరుగురి పేర్లు వెలుగులోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. 1969లో మనిషిని చంద్రుడి మీద దింపిన అపోలో నౌక సాఫ్ట్‌వేరు బృందానికి నాయకత్వం వహించింది మార్గరెట్‌ హామిల్టన్‌ అనే స్త్రీ. ఆ ప్రోగ్రాముల్ని జ్ఞాపకం ఉంచుకునే భాగాల్ని ఫ్యాక్టరీలో కార్మిక స్త్రీలు సన్నటి తీగలతో చేతులారా అల్లారు. ఒక్క తీగ తప్పు దారిన పోతే లెక్క తప్పుతుంది. అది కూడా నేతే.

యంత్రం కట్టడం గొప్ప పని, ప్రోగ్రాము రాయడం గుమాస్తా పని అనుకున్నన్నాళ్ళూ అది ఆడవాళ్ళ చేతుల్లో ఉంది. ప్రోగ్రాము రాయడానికి గౌరవమూ జీతమూ పెరిగాక అది మగవాళ్ళ పని అయింది. అమెరికాలో కంప్యూటరు సైన్సు డిగ్రీ తీసుకునేవాళ్ళలో 1984 ప్రాంతంలో 37 శాతం స్త్రీలు. ఆ తర్వాత పాతికేళ్ళలో అది 20 శాతం లోపుకి పడిపోయింది. పనితనం అంటే ఏమిటో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంటే, వాళ్ళు చేసే పనే పనితనం అవుతుంది.

అప్పు ఒకరిది, వడ్డీ ఒకరిది

వార్డ్‌ కనింగ్‌హామ్‌ అనే ప్రోగ్రామరు 1992లో ఒక మంచి పోలిక చెప్పాడు. తొందరపడి అరకొరగా రాసిన ప్రోగ్రాము అప్పు తీసుకోవడం లాంటిదన్నాడు. ఈ రోజు పని గడుస్తుంది. త్వరగా వెనక్కి వెళ్ళి సరిచేస్తే ఫరవాలేదు. చేయకపోతే రోజురోజుకీ వడ్డీ పెరుగుతుంది. చివరికి చిన్న మార్పు చేయాలన్నా నెలలు పడుతుంది.

పొదుపు సంఘాల్లో పనిచేసిన మనకి అప్పు సంగతి ఇంకొంచెం ఎక్కువ తెలుసు. అప్పు చేసేది మొగుడు, కట్టేది పెళ్ళాం. సాఫ్ట్‌వేరు అప్పు కూడా అలాంటిదే. గడువు ముందుకు జరిపిన అధికారి అప్పు చేస్తాడు. ప్రాజెక్టు పూర్తయిందన్న పేరుతో ప్రమోషను తీసుకుని ఇంకో చోటికి వెళ్తాడు. వడ్డీ కట్టేది తర్వాత వచ్చి అర్ధరాత్రి ఫోను ఎత్తే కుర్ర ఉద్యోగులూ, ఆ సాఫ్ట్‌వేరు మీద ఆధారపడ్డ జనమూ.

ఇది ఎంత దూరం పోగలదో బ్రిటన్‌ పోస్టాఫీసు ఉదంతం చెబుతుంది. అక్కడ ఊళ్ళల్లో చిన్న చిన్న పోస్టాఫీసులు నడిపే సబ్‌ పోస్ట్‌మాస్టర్లు ఉంటారు. చాలామంది ఆ పక్కనే ఒక దుకాణం పెట్టుకుని బతుకుతారు. 1999 నుంచి వాళ్ళందరికీ ఫుజిట్సు సంస్థ వారి 'హొరైజన్‌' అనే లెక్కల సాఫ్ట్‌వేరు పెట్టారు. అది లేని లోటు చూపించేది. పెట్టెలో డబ్బు సరిగ్గానే ఉన్నా తెర మీద తక్కువ ఉన్నట్టు వచ్చేది. ఒప్పందం ప్రకారం ఆ లోటు వాళ్ళే భర్తీ చేయాలి. కొందరు ఇళ్ళు తాకట్టు పెట్టారు. కట్టలేనివాళ్ళని దొంగలన్నారు. 2015 వరకు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. భారత సంతతికి చెందిన ఒక స్త్రీ 2010లో గర్భిణిగా ఉండగానే జైలుకి వెళ్ళింది. ఆమె శిక్షను కోర్టు కొట్టివేసింది 2021లో. ఈ వేధింపు వల్ల కనీసం 13 మంది ప్రాణాలు తీసుకుని ఉండవచ్చని 2025 జూలైలో వెలువడిన విచారణ నివేదిక మొదటి భాగం చెప్పింది.

ఇందులో మేనేజర్లు చదవాల్సిన పాఠం ఒకటుంది. ఆ సాఫ్ట్‌వేరు ఊళ్ళకి వెళ్ళకముందే, 1998లోనే, అందులో ఒక ముఖ్యమైన భాగం నాసిరకంగా రాశారని లోపల పనిచేసేవాళ్ళే నివేదిక ఇచ్చారు. లెక్కల భాగాన్ని తిరిగి రాయాలని అప్పుడే అనుకున్నారు. తిరిగి రాయలేదు. ఇదంతా ఇరవై ఏళ్ళు దాటాక బహిరంగ విచారణలో బయటపడింది. అంటే లోపం తెలియక కాదు. తెలిసినవాళ్ళ మాట పైదాకా చెల్లలేదు. ఇంకోవైపు, అక్కడి న్యాయవ్యవస్థలో కంప్యూటరు సరిగ్గానే పనిచేస్తోందని కోర్టులు ముందుగా భావించేవి. తప్పు చేసిందని నిరూపించాల్సిన భారం నిందితుల మీద పడింది. యంత్రం అబద్ధం చెప్పదు, మనిషే చెబుతాడు అన్న నమ్మకం ఎన్ని కుటుంబాల్ని కూల్చిందో చూడండి. 2019లో లండన్‌ హైకోర్టు ఆ సాఫ్ట్‌వేరులో లోపాలున్నాయని తేల్చింది. 2024 మేలో చట్టం చేసి మరీ శిక్షలు రద్దు చేయాల్సి వచ్చింది.

ఇదంతా ఎక్కడో సీమలో జరిగిందనుకోవద్దు. ఉపాధి హామీ పనుల్లో హాజరు కోసం కేంద్రం 2021 మేలో ఒక ఫోను యాప్‌ తెచ్చింది. 2023 జనవరి నుంచి దాన్ని పనిచోట్లన్నిటికీ తప్పనిసరి చేసింది. రోజుకి రెండుసార్లు, ఉదయమూ మధ్యాహ్నమూ, కూలీల ఫోటో తీసి ఎక్కించాలి. గుట్టల దగ్గర, చెరువు గట్ల దగ్గర సిగ్నలు ఉండదు. ఫోటో ఎక్కకపోతే పని చేసినా హాజరు లేదు. తెల్లవారకముందే వచ్చి తన వంతు పని తవ్వేసి, ఇంటికి వెళ్ళి వంట చేసుకోవాలనుకునే మనిషి మధ్యాహ్నం ఫోటో కోసం కాచుకుని కూర్చోవాలి. కొలత ప్రకారం కూలి ఇచ్చే పనికి ఈ కాపలా ఎందుకు? ఆడకూలీల రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి చూసి ఉంటే ఈ పద్ధతి పెట్టేవారు కాదు. దీని మీద కూలీలు 2023లో ఢిల్లీ జంతర్‌మంతర్‌ దగ్గర వారాల తరబడి ధర్నా చేశారు. పోనీ దొంగ హాజర్లు ఆగాయా అంటే అదీ లేదు. సంబంధం లేని ఫోటోలూ, ఫోటోకి తీసిన ఫోటోలూ ఎక్కిస్తున్నారని 2025 జూలైలో గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖే రాష్ట్రాలకి రాసింది. నిజాయితీగా పని చేసిన మనిషికి కూలి పోయింది. దొంగకి దారి మిగిలింది. పనితనం లేని పనిముట్టు చేసేది ఇదే.

మా ఆఫీసుల్లో

ఇక ఇవి తయారయ్యే చోటుకి వద్దాం. మన దేశపు సాఫ్ట్‌వేరు పరిశ్రమలో సుమారు మూడో వంతు ఆడవాళ్ళు. పైకి వెళ్ళేకొద్దీ వాళ్ళ సంఖ్య పలచబడుతుంది. దీనికి ప్రసూతి, పెళ్ళి, ఊరు మారడం అని కారణాలు చెబుతారు. అవి ఉన్నాయి. వాటితోపాటు పనిని లెక్కవేసే తీరు కూడా ఒక కారణం. దాని గురించి తక్కువ మాట్లాడతారు.

మా పనిలో రెండు రకాలున్నాయి. కొత్తది కట్టడం ఒకటి. కట్టినదాన్ని నిలబెట్టడం రెండోది. పరీక్షలు రాయడం, ఇంకొకరి రాతలో తప్పు పట్టడం, పాత చెత్త ఊడ్వడం, కొత్తగా వచ్చినవాళ్ళకి నేర్పడం, ఏది ఎందుకు చేశామో రాసిపెట్టడం ఇవన్నీ రెండో రకం. ఇల్లు ఊడిస్తే కనబడదు, ఊడవకపోతేనే కనబడుతుంది అంటారు కదా, ఇదీ అంతే. నేను పనిచేసిన చోట్లన్నిటా ఈ రెండో రకం ఎక్కువగా ఆడవాళ్ళ మీద పడటం చూశాను. 'అమ్మాయిలు ఓపికగా చేస్తారు' అంటారు. ఓపిక అనే మాట వినబడిందంటే ఎవరి శ్రమనో లెక్కలోంచి తీసేస్తున్నారని అర్థం.

ఒక ఉదాహరణ చెబుతాను. నా దగ్గర ఒక అమ్మాయి పనిచేసేది. బ్యాంకు లెక్కల ప్రోగ్రాములో ఏడాది పాటు కూర్చుని పరీక్షలు రాసింది. ఆమె పట్టుకున్న తప్పుల్లో ఒకటి బయటకి పోయి ఉంటే కొన్ని వేలమంది ఖాతాల్లో వడ్డీ తప్పు పడేది. పోలేదు కాబట్టి అది సంఘటన కాలేదు. అదే టీములో ఒక కుర్రాడు తన భాగం కూలిపోతే రెండు రాత్రులు మేలుకుని లేపి నిలబెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏడాది చివర మార్కుల సమావేశంలో అతనికి పై శ్రేణి, ఆమెకి మధ్య శ్రేణి అన్నారు. కారణం అడిగితే 'ఆమె చేసింది ఏముంది, చూపించండి' అన్నారు. జరగని ప్రమాదాన్ని ఎలా చూపించాలి? ఆమె పట్టుకున్న తప్పుల జాబితా, ఒక్కొక్కటి బయటపడి ఉంటే అయ్యే ఖర్చు రాసి సమావేశం ముందు పెట్టాను. పై శ్రేణి వాళ్ళు ఇంతమందే ఉండాలని ముందే కోటా ఉంది, మార్చడం కుదరదన్నారు. ఆరు నెలలకి ఆమె ఉద్యోగం మానేసింది. నిప్పు అంటుకోకుండా చూసిన మనిషికి కాక, తన ఇంట్లో అంటుకున్న నిప్పు ఆర్పినవాడికి సన్మానం జరిగే చోట పనితనం ఎలా బతుకుతుంది?

రెండో సమస్య కాలానికి సంబంధించింది. పనితనం ఉద్యమం వాళ్ళు నిజమైన ప్రోగ్రామరు అంటే పని మీద ప్రేమతో సెలవుల్లో కూడా సాధన చేస్తాడంటారు. రాత్రుళ్ళు కొత్త భాషలు నేర్చుకుంటాడు, ఆదివారాలు సొంత ప్రోగ్రాములు రాసుకుంటాడు అంటారు. వినడానికి బాగుంది. ఆదివారం అతని బట్టలు ఎవరు ఉతుకుతారు? పిల్లకి జ్వరం వస్తే రాత్రి ఎవరు మేలుకుంటారు? ఇంకొకరు వండిపెడితే తప్ప కుదరని సాధనని ప్రతిభకి కొలతగా పెడితే, ఆడవాళ్ళని పోటీలోంచి ముందే తప్పించినట్టు. పగలు ఆఫీసు, రాత్రి అమెరికా వాళ్ళతో ఫోను, మధ్యలో వంటిల్లు, అత్తమామల మందులు. ఇప్పటికే రెండు షిఫ్టుల చాకిరీ చేస్తున్న మనిషిని మూడో షిఫ్టు పని మీద ప్రేమతో చేయమనడం న్యాయం కాదు.

కాబట్టి నా వాదన ఇది. పనితనం పనివేళల్లో భాగం కావాలి. నేర్చుకోవడం, పరీక్షించడం, శుభ్రం చేయడం, ఒకరి రాత ఒకరు చదవడం, వీటన్నిటికీ జీతమిచ్చే గంటల్లోనే చోటుండాలి. గడువు లెక్క వేసేటప్పుడే వీటిని కలిపి వేయాలి. విడిగా ఒక వరసలో చూపిస్తే బేరమాడేవాళ్ళు ముందు దాన్నే కొట్టేస్తారు. ఇల్లు కట్టే మేస్త్రీ గోడకి నీళ్ళు పోయడానికి విడిగా రేటు అడగడు కదా. అది గోడ కట్టడంలో భాగం.

మేనేజర్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. మన కంపెనీల్లో ఎక్కువ భాగం మనుషుల గంటల్ని అమ్ముకుని బతికేవి. తక్కువ రోజుల్లో చేస్తానన్నవాడికే పని దక్కుతుంది. అన్నిటికీ ఒకే స్థాయి శ్రద్ధ కుదరదు, అక్కర్లేదు కూడా. రెండు నెలల ప్రచారానికి వాడి పారేసేదానికీ, ఇరవై ఏళ్ళు పింఛన్ల లెక్క చూసేదానికీ తేడా ఉంది. పెళ్ళి పందిరికి పునాది తవ్వనక్కరలేదు. అయితే పందిరి వేసి బడి అని పిల్లల్ని కూర్చోబెడితేనే నేరం. ఏది పందిరో ఏది బడో ముందే తేల్చి, రాతపూర్వకంగా చెప్పడం మేనేజరు బాధ్యత. 'ఈ తేదీకి ఇది సిద్ధం కాదు, జనం మీదకి వదలకూడదు' అని చెప్పగలగడం ఆ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని, అన్నిటికన్నా ముఖ్యమైన పని.

అలా చెప్పినవాళ్ళకి రక్షణ లేకపోతే ఎవరూ చెప్పరు. మంచి మేనేజరు దొరకడం అదృష్టం మీద ఆధారపడకూడదు. 'కాదు' అనగలిగే హక్కు సంఘం ఉంటేనే వస్తుందని బీడీ కార్మికులూ, అంగన్‌వాడీ వర్కర్లూ మనకి ఎప్పుడో నేర్పారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగులు తాము కార్మికులం కాదనుకున్నంతకాలం ఆ పాఠం వాళ్ళకి ఎక్కలేదు. కర్ణాటకలో 2017లో ఐటీ ఉద్యోగుల యూనియను నమోదైంది. 2024లో పనిదినాన్ని 14 గంటల దాకా పెంచే ప్రతిపాదన వచ్చినప్పుడు ఎదురు నిలబడింది. పద్నాలుగు గంటలు పనిచేసిన మనిషి రాసిన ప్రోగ్రాములో తప్పులు ఎక్కువుంటాయి. ఆ తప్పులు మళ్ళీ రేషను షాపు ముందు నిలబడ్డ మనిషి మీదే పడతాయి. రాసే మనిషి హక్కూ వాడే మనిషి హక్కూ రెండూ ఒకే చోట ముడిపడి ఉన్నాయి.

ఇప్పుడు ప్రోగ్రాముల్ని యంత్రాలే రాస్తున్నాయి కదా, ఇక పనితనం ఎందుకంటున్నారు. యంత్రం గంటలో వెయ్యి వరసలు రాస్తుంది. అవి సరైనవో కావో చదివి చెప్పాల్సింది మనిషే. అంటే రాసే పని తగ్గి సరిచూసే పని పెరుగుతోంది. ఇంతకాలం ఓపిక పని అని తక్కువ చూసిన పనే ఇప్పుడు అసలు పని అవుతోంది. దాని విలువ పెరగగానే అది మళ్ళీ ఎవరి చేతుల్లోకి పోతుందో గమనిస్తూ ఉండాలి.

మనం అడగాల్సినవి

మన సంఘాలు ఈ విషయంలో ప్రేక్షకులుగా ఉండనక్కరలేదు. ప్రభుత్వం కొత్త యాప్‌ తెచ్చినప్పుడు, లేదా మన సంస్థలే దాతల డబ్బుతో సర్వేల కోసం సాఫ్ట్‌వేరు చేయించుకున్నప్పుడు కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. వాటికి ఇంజనీరింగు డిగ్రీ అవసరం లేదు.

ఒకటి. ఇది తప్పు చేస్తే ఏమవుతుంది? వేలిముద్ర పడకపోతే, సిగ్నలు లేకపోతే, పేరు తప్పుగా ఎక్కితే ఆ మనిషికి ఆ రోజే బియ్యమో కూలో దక్కే వేరే దారి ఉందా? ఆ దారి లేని సాఫ్ట్‌వేరుని ఒప్పుకోకూడదు.

రెండు. దీన్ని ఎవరి దగ్గర పరీక్షించారు? ఏసీ గదిలో ఖరీదైన ఫోను మీదా, లేక తండాలో పగిలిన తెర ఉన్న పాత ఫోను మీదా? వాడబోయే ఆడవాళ్ళ పక్కన కూర్చుని చూశారా?

మూడు. ఇది తెలుగులో ఉందా? ఆఫీసు తెలుగులో కాక, చదివితే అర్థమయ్యే తెలుగులో ఉందా? గోండి, కోయ మాట్లాడే చోట ఏం చేస్తారు?

నాలుగు. లెక్కని ఎవరు ఎప్పుడు మార్చారో తెలిసే ఆనవాలు ఉంటుందా? దాన్ని ఊళ్ళో చదివి వినిపించవచ్చా? మస్టరు రోలుని గ్రామసభలో చదివించిన మనం కంప్యూటరు లెక్కని ఎందుకు వదిలేయాలి?

ఐదు. కట్టాక నిలబెట్టడానికి డబ్బు ఎంత పెట్టారు? ప్రారంభోత్సవానికి మాత్రమే డబ్బు ఉండి మరమ్మతుకి లేకపోతే, చేతిపంపులకి ఏ గతి పట్టిందో దీనికీ అదే పడుతుంది.

ఆరు. యంత్రానికీ మనిషికీ తగువు వస్తే ఎవరి మాట ముందు నమ్ముతారు? నిరూపించుకోవాల్సిన భారం కూలికి వెళ్ళే మనిషి మీద కాక, యంత్రం పెట్టినవాళ్ళ మీద ఉండాలి. బ్రిటన్‌లో వందల కుటుంబాలు నాశనమయ్యాక తేలిన ఈ సంగతిని మనం అంత ఖరీదు పెట్టి నేర్చుకోనక్కరలేదు.

ఈ ఆరింటికీ జవాబు రాతలో అడగండి. మన సంస్థలే చేయించుకునే చోట ఇంకో మాట కూడా అడగండి. మీకిచ్చిన గడువులో మీ ఉద్యోగులు రాత్రుళ్ళు మేలుకోవలసి వస్తుందా అని. తక్కువ ధరకి తొందరగా చేస్తామన్నవాళ్ళకే పని ఇచ్చే అలవాటు హక్కుల సంస్థలకీ ఉంది. ఆ చౌకదనం ఎవరి నిద్రలోంచి వస్తోందో తెలుసుకోవడం కూడా మన పనే. సాఫ్ట్‌వేరు కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్ళు వేలసంఖ్యలో మన నగరాల్లోనే ఉన్నారు. వాళ్ళని మీ సమావేశాలకి పిలవండి. యాప్‌ వల్ల కూలి పోయిన మనిషి పక్కన కూర్చోబెట్టండి. వాళ్ళిద్దరికీ ఒకరి పని గురించి ఒకరికి తెలియాల్సింది చాలా ఉంది.